మట్టిపని ఒకరిది, టెండరు మరొకరిది

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట వద్ద శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం పైకప్పు కూలింది. లోపల చిక్కుకున్న ఎనిమిది మందిలో నలుగురు జార్ఖండ్ వారు, ఇద్దరు ఉత్తరప్రదేశ్ వారు, ఒకరు జమ్మూ కశ్మీర్ నుంచి, మరొకరు పంజాబ్ నుంచి వచ్చినవారు. వారాల తరబడి గాలిస్తే ఇద్దరి మృతదేహాలే దొరికాయి. ఆ రోజుల్లో రాతి పొరల గురించి, ఊటనీటి గురించి, సొరంగం తొలిచే యంత్రం గురించి విస్తృతమైన చర్చ జరిగింది. అది అవసరమైన చర్చే. కానీ ప్రమాదం జరిగిన చోటు పాత పాలమూరు జిల్లాలోదన్న సంగతి మాత్రం చర్చకు రాలేదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కడుతున్నా, కాలువ తవ్వుతున్నా ‘పాలమూరు లేబర్’ అన్న పేరు వినిపించిన కాలం ఒకటుంది. ఆ పాలమూరు నేల కింద ఇప్పుడు వేరే రాష్ట్రాల వలస కార్మికులు సమాధి అయ్యారు. ఈ మార్పును పక్కనపెట్టి నిర్మాణరంగం సవాళ్లు, అవకాశాలు అంటూ చేసే ప్రసంగాలు నాకు అసంపూర్ణంగానే తోస్తాయి.

రెండు తెలుగు రాష్ట్రాలూ ఇవాళ నిర్మాణరంగం మీదే ఆశలు పెట్టుకున్నాయి. 2025 మే 2న అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి. పోలవరం ఉంది, భోగాపురం విమానాశ్రయం ఉంది. ఇటు హైదరాబాద్‌లో మెట్రో రెండో దశ, ప్రాంతీయ రింగు రోడ్డు ప్రణాళికలున్నాయి. పరిశ్రమ ప్రతినిధులు ఏ వేదిక మీద మాట్లాడినా నైపుణ్యం గల కార్మికుల కొరత, బ్యాంకు గ్యారంటీల ఇబ్బంది, సకాలంలో అందని బిల్లులు అనే మూడు కష్టాలు ఏకరువు పెడతారు. మూడూ నిజమైన కష్టాలే. నీటిపారుదల శాఖలో మూడు దశాబ్దాలకు పైగా ఇంజనీరుగా పనిచేసినవాడిగా, మట్టి తట్టలు మోసిన వడ్డెర కుటుంబంలో పుట్టినవాడిగా నాకు అర్థమైనదేమిటంటే, ఈ మూడు కష్టాలకూ కులం ఉంది. ఒక్కో కష్టం ఒక్కో సామాజిక వర్గం మీద ఒక్కో బరువుతో పడుతుంది.

వడ్డెరల వృత్తి రాయి కొట్టడం, మట్టి తవ్వడం. చెరువు కట్టలు, బావులు, కోట గోడలు, తరువాత వలస పాలనలో రైలు కట్టలు, కాలువలు వారి చేతుల మీదుగానే లేచాయి. బండను చూసి అది ఏ చారన పగులుతుందో చెప్పగల జ్ఞానం అది. ఉలి ఎక్కడ ఆనించాలో, సమ్మెట ఎన్ని దెబ్బలకు ఆపాలో ఏ పాఠ్యగ్రంథంలోనూ ఉండదు. ఇంజనీరింగ్ కళాశాలలో నాకు శిలల గురించి బోధించిన అధ్యాపకుని కంటే మా ఇంటి పెద్దలకు బండ గురించి ఎక్కువ తెలుసునని చెప్పడం అతిశయోక్తి కాదు. అయితే ఆయన జ్ఞానానికి పట్టా ఉంది, వీరి జ్ఞానానికి దినకూలి ఉంది.

నాగార్జునసాగర్‌ను గుర్తు చేసుకుందాం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలువల్లోకి నీళ్లు వదిలారు. ప్రపంచంలోని అతి పెద్ద రాతికట్టడపు ఆనకట్టల్లో అది ఒకటి. కాంక్రీటు కాదని రాతికట్టడాన్ని ఎంచుకోవడానికి కారణాలు ఆర్థికమైనవి: సిమెంటు కొరత, యంత్రాల కొరత, మనుషులు మాత్రం కావలసినంత మంది. ఆ ‘కావలసినంత మంది’ ఎవరు? పాలమూరు కరవు పల్లెల మాల, మాదిగ, వడ్డెర, ఉప్పర, బోయ కులాల వారు, భూమి ఉన్నా నీరు లేని చిన్న రైతులు. తల మీద రాయి పెట్టుకుని సారువ మెట్లెక్కిన ఆడవాళ్లు. ఆ ఆనకట్ట కింద తడిసిన ఆయకట్టులో వారికి సెంటు భూమి రాలేదు. సాగర్ నీళ్లు పారిన భూముల యజమానులు ఒకరు, ఆ నీళ్లను నిలిపిన రాతిని మోసినవారు మరొకరు. ఈ విభజనే తరువాతి అరవై ఏళ్ల నిర్మాణరంగానికి పునాది అయింది.

పాలమూరు కూలీల్ని పనికి చేర్చే పద్ధతిని విద్యార్థులు ప్రత్యేకంగా చదవాలి. దాని కేంద్రంలో గుంపు మేస్త్రీ ఉంటాడు. వానలు మొహం చాటేసిన ఏడు, ఇంట్లో పెళ్లో చావో పడిన ఏడు అతను ఊళ్లోకి అడ్వాన్సు పట్టుకుని వస్తాడు. డబ్బు అతనిది కాదు, పైనున్న కాంట్రాక్టరుది. భార్యాభర్తల్ని ఒక జతగా లెక్కగట్టి కూలి కుదురుస్తాడు. పని స్థలానికి చేరాక తిండి ఖర్చులకు వారానికింత ఇస్తాడు, దాన్ని పుస్తకంలో రాసుకుంటాడు. పుస్తకం అతని దగ్గరే ఉంటుంది. పని ముగిసి ఊరికి వచ్చే ముందే లెక్క తేలుతుంది. జబ్బు చేసిన రోజులు, పని లేక కూర్చున్న రోజులు కోతపడతాయి. మధ్యలో వెళ్లిపోతే అడ్వాన్సు అప్పుగా మిగులుతుంది. ఆ అప్పుకు ఊళ్లో ఉన్న అన్నో తమ్ముడో జవాబుదారీ. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. రెండో చట్టంలోని ఒక కిటుకు గమనించండి. అది రాష్ట్ర సరిహద్దు దాటినవారికే వర్తించేది. పాలమూరు నుంచి పోలవరం వరకు, శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ వరకు ఎన్ని వందల కిలోమీటర్లు వెళ్లినా ఉమ్మడి రాష్ట్రంలో వారు వలస కార్మికులు కారు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయ్యాకే శ్రీకాకుళం కూలీ హైదరాబాద్‌లో చట్టం దృష్టికి వలస కార్మికుడయ్యాడు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు తమంతట తాముగా వచ్చిన అంతర్రాష్ట్ర కార్మికుల్నీ నిర్వచనంలో చేర్చాయి గాని, జిల్లా దాటిన మనిషిని ఇప్పటికీ చూడటం లేదు.

మరి కాంట్రాక్టర్లు ఎక్కడి నుంచి వచ్చారు? ఈ ప్రశ్నకు సమాధానం కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఉంది. ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు పందొమ్మిదో శతాబ్దం నడుమ పూర్తయ్యాక డెల్టా భూముల్లో మిగులు పుట్టింది. ఆ మిగులు వరి మిల్లుల్లోకి, పొగాకు వ్యాపారంలోకి, సినిమాల్లోకి, ఆ తరువాత ప్రజా పనుల కాంట్రాక్టుల్లోకి ప్రవహించింది. కాలువ మరమ్మతు కాంట్రాక్టుతో మొదలైన కుటుంబం రెండు తరాల్లో జాతీయ రహదారులు, విద్యుత్ కేంద్రాలు కట్టే కంపెనీ అయింది. తెలంగాణ, రాయలసీమల్లోని భూస్వామ్య కులాలు కొంత ఆలస్యంగా అదే దారి పట్టాయి. వారి శ్రమను, సాహసాన్ని నేను తక్కువ చేయను. దేశంలోని పెద్ద మౌలిక వసతుల కంపెనీల్లో ఇన్ని తెలుగు పేర్లుండటం చిన్న విషయం కాదు. కానీ ఆ ఎదుగుదలకు కావలసిన పెట్టుబడి, పూచీ, పరిచయం మూడూ కులం లోపలే దొరికాయి. బావమరిది బ్యాంకులో, మేనమామ చట్టసభలో, వియ్యంకుడు యంత్రాల డీలరు. పనిలో నష్టం వస్తే పట్టుకోవడానికి పొలం. వడ్డెర మేస్త్రీకి పని తెలుసు, ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు.

2004 తరువాత జలయజ్ఞంలో ఈపీసీ పద్ధతి విస్తరించింది. సర్వే, డిజైను, నిర్మాణం అన్నీ ఒకే సంస్థకు అప్పగించే పద్ధతి అది. ప్యాకేజీలు వందల కోట్లకు చేరాయి. అంతకు ముందు ఒక కాలువను కిలోమీటర్ల చొప్పున ముక్కలు చేసి పిలిచే టెండర్లలో చిన్న కాంట్రాక్టరుకు కొంత చోటుండేది. ఆ చోటు మూసుకుపోయింది. అతను సబ్ కాంట్రాక్టరుగా మారాడు. అతని కింద పీస్ రేటు మేస్త్రీ, మేస్త్రీ కింద కూలీ. పైన సంతకమైన రేటుకూ కింద తట్టకు ముట్టే రేటుకూ మధ్య ఎన్ని చేతులున్నాయో కొలతల పుస్తకంలో కనిపించదు. నేను అలాంటి పుస్తకాలు ఎన్నో రాశాను. అందులో ఘనపు మీటర్లుంటాయి, మనుషులుండరు.

టెండరు నిబంధనల్లో కులం అన్న మాట ఎక్కడా ఉండదు. గత కొన్నేళ్లలో ఇదే తరహా పని, ఇంత విలువకు తగ్గకుండా చేసి ఉండాలి. ఇంత వార్షిక టర్నోవరు ఉండాలి. ధరావతు కట్టాలి, బ్యాంకు గ్యారంటీ చూపాలి, స్థోమత ధ్రువపత్రం తేవాలి, సొంత యంత్రాల జాబితా ఇవ్వాలి. ప్రతి నిబంధనకూ సాంకేతికమైన సమర్థన ఉంది. అన్నీ కలిస్తే మాత్రం, ఇదివరకు పని దక్కినవారికే మళ్లీ పని దక్కుతుంది. సబ్ కాంట్రాక్టరుగా ఇరవై ఏళ్లు వంతెనలు కట్టినవాడికి సొంత పేరు మీద ఒక్క అనుభవ ధ్రువపత్రం ఉండదు. కట్టింది అతనైనా కాగితం మీద మరొకరి పేరుంటుంది. మా దగ్గరి బంధువు ఒకరు, రాతికట్టడంలో చేయి తిరిగిన మనిషి, చిన్న తరగతి కాంట్రాక్టరుగా నమోదుకు వెళితే స్థోమత పత్రం కోసం ఒక కార్యాలయం చుట్టూ ఏడాది పాటు తిరిగాడు. ఆస్తి చూపమన్నారు. ఉన్నది ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి. దానికి తాకట్టు విలువ లేదన్నారు. చివరికి అతను మరొకరి లైసెన్సు కింద పనికి చేరాడు. ఇందుకు తలకిందులైన దృశ్యాలూ నాకు తెలుసు. రిజర్వుడు పని దళిత కాంట్రాక్టరు పేరున వస్తుంది, పని జరిపేది వేరొకరు, లైసెన్సు ఇచ్చినందుకు అతనికి దక్కేది రెండు మూడు శాతం. దీన్ని చూపి రిజర్వేషనే వృథా అంటారు. కాగితం అరువిచ్చే స్థితికి అతన్ని నెట్టింది పెట్టుబడి లేమి అని ఒప్పుకోరు.

బిల్లుల సంగతి చూడండి. పెద్ద ఒప్పందాల్లో సంస్థకు యంత్రాలు, సామగ్రి సమకూర్చుకోవడానికి ముందుగానే మొబిలైజేషన్ అడ్వాన్సు ఇచ్చే ఏర్పాటు ఉంటుంది. గ్రామంలో సీసీ రోడ్డు వేసిన చిన్న కాంట్రాక్టరుకు అలాంటిదేమీ లేదు. సిమెంటు అప్పు, కంకర అప్పు, కూలీ మాత్రం రొక్కం. బిల్లు ఏడాది ఆగితే వడ్డీ లాభాన్ని తినేస్తుంది, రెండేళ్లు ఆగితే ఇంటిని తినేస్తుంది. తెలంగాణలో మాజీ సర్పంచులు పెండింగు బిల్లుల కోసం రోడ్డెక్కిన సంగతి అందరికీ తెలిసిందే. వారిలో రిజర్వుడు స్థానాల నుంచి గెలిచి, ఊరికి ఏదైనా చేద్దామని భార్య మెడలోని బంగారం కుదువ పెట్టినవారెందరో. ఇక పెద్ద కంపెనీ కూలినప్పుడేమైంది? ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్, ఐవీఆర్‌సీఎల్ వంటివి అప్పుల భారంతో దివాలా ప్రక్రియలోకి వెళ్లాయి. ఆ నష్టాన్ని ప్రభుత్వ బ్యాంకులు మోశాయి, అంటే మనమంతా మోశాం. పెద్ద సంస్థ నష్టపోతే దాన్ని వ్యవస్థ సమస్యగా చర్చిస్తారు. చిన్నవాడు నష్టపోతే వాడికి వ్యాపారం చేతకాలేదంటారు.

చట్టం చేయగలిగింది ఏమీ లేదా అంటే, పొరుగున కర్ణాటక ఉంది. అక్కడి పారదర్శక కొనుగోళ్ల చట్టాన్ని సవరించి 50 లక్షల రూపాయల లోపు పనుల్లో ఎస్సీలకు 17.15 శాతం, ఎస్టీలకు 6.95 శాతం కేటాయించారు. 2023లో ఆ పరిమితిని కోటి రూపాయలకు పెంచారు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఎస్సీ, ఎస్టీ కాంట్రాక్టర్లకు వెసులుబాట్లు ఉన్నాయి గాని, అవి ప్రధానంగా ఉత్తర్వుల రూపంలో వచ్చినవి. ఇక్కడ నన్ను బాధించే ఒక వైచిత్రి ఉంది. కర్ణాటకలో వడ్డెరలు భోవి పేరుతో ఎస్సీ జాబితాలో ఉన్నారు. సరిహద్దుకు ఇవతల అదే కులం, అదే ఉలి, అదే ఇంటిపేరు, కాని బీసీ-ఏ. బళ్లారిలో రాయి కొట్టే బంధువుకు టెండరులో వాటా ఉంది, అనంతపురంలో రాయి కొట్టేవాడికి లేదు.

కేంద్ర ప్రభుత్వానికి సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనుగోళ్లు జరపాలనే 2012 నాటి విధానం ఉంది. అందులో మొత్తం కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికుల నుంచి ఉండాలి. కానీ అది సరుకులకు, సేవలకు మాత్రమే వర్తిస్తుంది. నిర్మాణ పనుల కాంట్రాక్టులు దాని పరిధిలోకి రావు. కుర్చీలు అమ్మే దళితునికి చోటుంది, ఆ కుర్చీలు వేసే భవనం కట్టే దళితునికి లేదు. 2002 జనవరిలో భోపాల్ సమావేశం దళితులకు ప్రభుత్వ కొనుగోళ్లలో, కాంట్రాక్టుల్లో వాటా కావాలని అడిగి ఇరవై ఏళ్లు దాటిపోయింది.

తెలంగాణలో 2023 నవంబరు నాటి కామారెడ్డి బీసీ డిక్లరేషన్‌ను ఒకసారి తీసి చదవమని రాజకీయ కార్యకర్తలను కోరుతున్నాను. స్థానిక సంస్థల్లో 42 శాతం గురించి ఊరూరా చర్చ జరిగింది. అదే ప్రకటనలో ప్రభుత్వ సివిల్ నిర్మాణ, నిర్వహణ కాంట్రాక్టుల్లోనూ బీసీలకు 42 శాతం ఇస్తామన్న హామీ ఉంది. 2025 మార్చిలో శాసనసభ ఆమోదించిన బిల్లుల్లో ఒకటి విద్య, ఉద్యోగాలకు, మరొకటి స్థానిక సంస్థలకు సంబంధించినది. కాంట్రాక్టుల ఊసు వాటిలో లేదు. ప్రతిపక్షాలు గట్టిగా నిలదీయలేదు, బీసీ సంఘాలు సైతం దీన్ని ముందుకు తేలేదు. వార్డు సభ్యుడి పదవికి ఉన్న ఆకర్షణ రోడ్డు పనికి లేకపోవడం వింతగా ఉంది. గ్రామ రాజకీయాల్లో పదవి కంటే కాంట్రాక్టే అసలు అధికారమని ఆధిపత్య కులాలకు ఎప్పుడో తెలుసు.

ప్రతిసారీ వినిపించే అభ్యంతరం నాణ్యత. రిజర్వేషన్ ఇస్తే వంతెనలు కూలుతాయంటారు. 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజ్ పియర్లు కుంగాయి. అక్కడ ఏ రిజర్వేషనూ లేదు. వేల కోట్ల టర్నోవరు, అనుభవ ధ్రువపత్రాలు అన్నీ సక్రమంగానే ఉన్నాయి. నాణ్యత అనేది పరీక్షలతో, పర్యవేక్షణతో, డిజైను మీద నిజాయితీతో వచ్చేది. కోటి రూపాయల డ్రైనేజీ పనిలో కాంక్రీటు క్యూబును పరీక్షించడం బరాజ్‌ను పరీక్షించడం కంటే ఎన్నో రెట్లు సులువు. నేను రెండు రకాల పనులూ చూసిన మనిషిని.

మరింత బరువైన అభ్యంతరం ఇంకొకటుంది, దాన్ని నేను గౌరవిస్తాను. కోటి లోపు పనుల్లో వాటా ఇచ్చినంత మాత్రాన కొందరు చిన్న కాంట్రాక్టర్లు పుడతారు, కూలీకి ఒరిగేదేమిటని వామపక్ష మిత్రులు అడుగుతారు. కాంట్రాక్టరు కులం మారితే కూలి రేటు మారదన్నది నిజమే. అందుకే కేరళ వైపు చూడమంటాను. 1925లో వడకర ప్రాంతంలో వాగ్భటానందుని సంస్కరణోద్యమంలో చేరినందుకు ఆధిపత్య వర్గాలు తీయ్య కులస్థులకు పని నిరాకరించాయి. పని పోయినవారు కలిసి ఉరాలుంగల్ పేరుతో కార్మిక సహకార సంఘం పెట్టుకున్నారు. నూరేళ్లకు అది రహదారులు, వంతెనలు, ఐటీ పార్కులు కట్టే సంస్థగా నిలబడింది. యజమానులు అందులో పనిచేసే కార్మికులే. మన దగ్గరా లేబర్ కాంట్రాక్టు సహకార సంఘాలు, వడ్డెర సంఘాలు కాగితం మీద చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఎవరో ఒక క్వారీ యజమాని జేబులోని రబ్బరు ముద్రలుగా మిగిలాయి. ఉరాలుంగల్‌కు దక్కినదీ మనవాటికి దక్కనిదీ ఒకటే: ఏటా నిలకడగా ప్రభుత్వ పని. కేరళ దాన్ని విధానంగా ఇచ్చింది. మనం దాన్ని దయగా కూడా ఇవ్వలేదు.

నైపుణ్య కొరత మీద ఒక మాట. కొరత ఉందంటున్న పరిశ్రమలోనే ముప్పై ఏళ్లుగా తట్టలు మోస్తున్న స్త్రీ తాపీ పట్టడానికి నోచుకోలేదు. ఆమె కళ్ల ముందు వేల గోడలు లేచాయి, మాలు కలపడం ఆమెకు మేస్త్రీ కంటే బాగా తెలుసు. అయినా ఆమె సహాయక కూలీయే. హైదరాబాద్‌లో 1998 నుంచి నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది. పని స్థలంలో నేర్చుకున్న విద్యను పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పథకాలూ వచ్చాయి. అడ్డా మీద ఉదయం ఆరింటికి నిలబడే మనిషి ఒక రోజు కూలి పోగొట్టుకుని ఆ పరీక్షకు రాలేడు. ఆ రోజు కూలి ఇచ్చేందుకు డబ్బు లేదా? ఉంది. 1996 చట్టం కింద నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు వసూలవుతూ వచ్చింది. 2018 మార్చి 19 నాటి తీర్పులో సుప్రీంకోర్టు లెక్క చెప్పింది: దేశవ్యాప్తంగా వసూలైంది 37,400 కోట్లకు పైగా, ఖర్చయింది దాదాపు 9,500 కోట్లు. 2014 జూన్ 28న చెన్నై మౌళివాక్కంలో పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోతే వారిలో పలువురు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వారు. ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లిన కూలీకి నమోదు కార్డు ఏ రాష్ట్రానిదై ఉండాలో, సెస్సు ఏ రాష్ట్రపు బోర్డు ఇవ్వాలో ఇప్పటికీ తేలికగా తేలదు.

అమరావతిలో, రింగు రోడ్డులో పిలవబోయే టెండర్లలో చేయదగినవి పెద్ద విప్లవాలేమీ కావు. ప్రధాన నిర్మాణాన్ని పెద్ద సంస్థలకే ఇవ్వండి. కాలిబాటలు, మురుగు కాలువలు, ప్రహరీలు, రాతి పలకల పని, చెట్ల నాటకం, ఏటేటి నిర్వహణ విడదీసి ఎస్సీ, ఎస్టీ, బీసీ కాంట్రాక్టర్లకు, కార్మిక సంఘాలకు కేటాయించండి. సబ్ కాంట్రాక్టరు పేరును ఒప్పందంలో చేర్చి, అతను చేసిన పనికి శాఖే అనుభవ ధ్రువపత్రం ఇవ్వాలి. బ్యాంకు గ్యారంటీకి ఎస్సీ, బీసీ ఆర్థిక సహకార సంస్థలు పూచీ నిలవాలి. చిన్న బిల్లులు ముందు, పెద్ద బిల్లులు తరువాత చెల్లించాలి.

వీటన్నిటికీ ముందు లెక్క కావాలి. తెలంగాణ తన కులగణన ఫలితాలను 2025 ఫిబ్రవరిలో వెల్లడించింది: ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం. వీటి పక్కన పదేళ్లలో ప్రభుత్వం కుదుర్చుకున్న నిర్మాణ ఒప్పందాల విలువ ఏ సామాజిక వర్గానికి ఎంత చేరిందో చూపే పట్టిక ఇంతవరకు ఎవరూ వేయలేదు. ప్రభుత్వం వేసేదాకా ఆగనక్కర్లేదు. ప్రతి డివిజన్ కార్యాలయంలో ఒప్పందాల రిజిస్టరు ఉంటుంది. పని పేరు, ఒప్పంద విలువ, కాంట్రాక్టరు పేరు, చివరి బిల్లు చెల్లించిన తేదీ అందులో దొరుకుతాయి. సమాచార హక్కు చట్టం కింద అడిగితే ఇవ్వాల్సినవే. విశ్వవిద్యాలయాల్లోని పరిశోధక విద్యార్థులు ముందుగా ఒక్క జిల్లా రోడ్లు, భవనాల శాఖతో మొదలుపెట్టవచ్చు. పాలమూరు అయితే మరీ మంచిది.